సముద్రమేఘము – నగరధూమము

(ఒక సభయందు గావింపబడిన యుపన్యాసపు పాఠము)



మబ్బు దైవాధీనమనియు, పొగ మానవాధీనమనియు మనము తఱచుగా తలంచుచుందుము. వాన రాకున్న వరుణదేవుని ప్రార్థింతుము. పొగ క్రమ్మినచో కర్మాగారము వానిని నిందింతుము. ఈ రెంటికిని నడుమ గోడ యొకటి కలదని మన యూహ. అట్టి గోడ యేదియు లేదు. సముద్రతీర నగరములు విడచు పొగ కడలిమీదికి పోయి, అచ్చటి మబ్బుల తెలుపును, ఆయుర్దాయమును, తుంపర కురియు శక్తిని మార్చుచున్నదని ప్రకృతిశాస్త్రజ్ఞులు కనుగొని యున్నారు. ఈ సంగతి పండితుల వినోదము మాత్రమే కాదు. భూగోళమును వేడెక్కించుచున్న బొగ్గుపులుసు వాయువు యొక్క బలమును ఈ పొగ కొంత మఱుగుపఱచుచున్నది. ఆ మఱుగు తొలగినప్పు డేమి సంభవించును? తొలగకుండ నుంచుట మేలా? ఈ ప్రశ్నలకు ఉత్తరము చెప్పవలసిన జాతులలో మనది యొకటి. శాస్త్రజ్ఞులు తేల్చిన దానిని తెలుగు మాటలలో విన్నవించి, దానినుండి మనకు కలుగు కర్తవ్యమును సూచించుటయే మా యుద్దేశము.

ముందుగా మబ్బు పుట్టుకను చూతము. చల్లని నీటితో నిండిన చెంబును వేసవినాడు అరుగుమీద నుంచినచో, కొలది సేపటిలో దానిపై నీటిబొట్లు చెమర్చును. ఆ నీరు చెంబులోనుండి వచ్చినది కాదు. గాలియందలి ఆవిరి చెంబు నాశ్రయించి నీరైనది. ఆవిరికి ఆశ్రయము కావలెను. ఆకాశమున చెంబులు లేవు గనుక, అచ్చట దానికి ధూళికణములే యాశ్రయములు. స్కాట్లండు దేశీయుడగు జాన్ ఎయిట్కెన్ 1880 ప్రాంతమున ఈ విషయమును ప్రయోగముచే చూపెను. ఒక గాజుపాత్రయందు మామూలు గాలిని, మఱియొక దానియందు దూదిచే వడగట్టిన గాలిని నింపి, రెంటిలోనికిని ఆవిరిని పంపగా, మొదటి పాత్రలో మంచు క్రమ్మెను. రెండవది నిర్మలముగా నిలిచెను. ధూళి లేనిచో మంచు లేదు, మబ్బు లేదు, మన మెఱిగిన వానయు లేదని యాయన తేల్చెను.

ఈ బీజకణములు మిక్కిలి సూక్ష్మములు. మిల్లీమీటరులో వేయవ వంతును మైక్రాను అందురు. మేఘబీజమగు కణము సాధారణముగా మైక్రానులో పదవ వంతు వెడల్పు గలది. దాని చుట్టును నీరు చేరి మేఘబిందువైనప్పుడు వెడల్పు ఇరువది మైక్రాన్లకు పెరుగును. అట్టి బిందువులు పదిలక్షలు కలిసినగాని ఒక మంచి వానచినుకు కాదు. నట్టనడి సముద్రముమీద ఈ బీజములను కడలియే సమకూర్చుకొనును. అలల నురుగునుండి లేచిన ఉప్పు కొంత. సముద్రమందలి సూక్ష్మమైన మొక్కలనుండి పుట్టిన గంధకవాయువు గాలిలో మాఱి యేర్పడు కణములు కొంత. ఇవి విస్తారముగా నుండవు. నిర్మలమైన కడలిగాలియందు పుట్టిన మబ్బులో ఒక ఘన సెంటీమీటరునకు ఏబదినుండి నూఱు బిందువులు, ఒక్కొక్కప్పు డంతకును తక్కువ యుండును. నగరపు గాలి సోకిన మబ్బునం దవి కొన్ని వందలగును.

ఇక మబ్బులన్నియు నొక్క తీరువి కావు. మేము చెప్పబోవునవి సముద్రముపై తక్కువ యెత్తున, దుప్పటివలె పఱచుకొను పలుచని మబ్బులు. కాలిఫోర్నియా, పెరూ, చిలీ, నమీబియా, అంగోలా దేశముల పడమటి తీరములందు ఇవి మెండు. అచ్చట సముద్రపు నీరు చల్లన. మీదినుండి దిగు గాలి వెచ్చన, పొడి. చల్లగాలిపై వెచ్చని గాలి మూతవలె కూర్చుండును. ఆ మూతక్రింద తేమ చిక్కుకొని, కొన్ని వందల మీటర్ల మందమున మబ్బు పఱచుకొనును. భూమండలమందలి సముద్రోపరితలములో సగటున ఐదవ వంతునకు పైగా ఇట్టి మబ్బులచే కప్పబడి యున్నది. ఇవి పెద్ద వానలు కురియవు. తుంపర రాల్చిన రాల్చును. అయినను వీని యుపకారము గొప్పది. నల్లని సముద్రము ఎండను మింగును. తెల్లని మబ్బు దానిని మరల ఆకసమునకు త్రిప్పి పంపును. ఎత్తైన మబ్బులవలె ఇవి భూమి వేడిమిని అంతగా పట్టియుంచవు. కావున ఈ దుప్పటి మొత్తముమీద భూమిని చల్లపఱచునదియే.

ఇప్పుడు పొగ యేమి చేయునో చూతము. ఆస్తి యొకటే, వారసులు పెరిగిరి. ఒక్కొక్కని పాలు తగ్గును. మబ్బునందలి నీరంతయు నంతే యుండగా బీజములు పెరిగినచో, బిందువులు సంఖ్యయందు పెరిగి పరిమాణమునందు తగ్గును. ఒక బిందువును ఎనిమిది సమభాగములు చేసినయెడల, ప్రతి చిన్నబిందువు వెడల్పును మొదటిదానిలో సగముండును. అన్నిటి ఉపరితలములను కూడినచో మొదటిదానికి రెట్టింపగును. వెలుతురు తగులుటకు చోటు పెరిగెను గనుక మబ్బు మఱింత తెల్లనగును. పటికబెల్లపు పలుకులోనుండి వెలుతురు దూఱిపోవును. దానినే నూఱి పొడిచేసిన తెల్లగా మెఱయును. పదార్థము మాఱలేదు, ముక్కలు పెరిగినవి. పొగ మబ్బును తెల్లపఱచునను ఈ విచిత్రమును షాన్ ట్వోమీ యను శాస్త్రజ్ఞుడు 1974, 1977 సంవత్సరములందు ప్రకటించిన వ్యాసములలో లెక్కలతో నిరూపించెను.

కంటికి కనబడు సాక్ష్యము అంతకు పూర్వమే దొరకినది. 1966లో కోనోవర్ యను నాతడు వాతావరణోపగ్రహము తీసిన ఛాయాచిత్రములలో, సముద్రపు మబ్బుపై గీతలు గీచినట్లున్న తెల్లని చారలను గుఱించి వ్రాసెను. అవి ఓడలు పోయిన జాడలు. ఓడ పొగగొట్టమునుండి వెడలిన కణములు మీది మబ్బును తెల్లపఱచి, వందల కిలోమీటర్ల పొడవున తమ దారిని ఆకసముమీద లిఖించినవి. ఒక ఓడ పొగ యంత పని చేయగా, కోటిమంది నివసించు నగరపు పొగ యేమి చేయదు?

ఈ ప్రశ్నకు ఉత్తరము వెదకుటకు అనువైన స్థలము అమెరికా సంయుక్తరాష్ట్రములందలి దక్షిణ కాలిఫోర్నియా. అచ్చట మే, జూన్ మాసములలో తీరవాసులు దినములకొలది ప్రొద్దుటి సూర్యుని చూడకయే కాలము గడుపుదురు. ఆ మాసములకు బూడిదవన్నె మే యనియు, దిగులు జూన్ అనియు వారు హాస్యముగా పేర్లు పెట్టుకొనిరి. ఆ తీరముననే లాస్ ఏంజిలిస్ మహానగరమును, దాని చెంత లాంగ్ బీచ్ రేవును ఉన్నవి. మబ్బును క్రిందికి అదిమిపెట్టు ఆ వెచ్చని గాలిమూతయే నగరపు పొగనుగూడ పైకి పోనీయక అదిమిపెట్టును. 1943 వేసవిలో ఆ నగరమును కండ్లు మండించు పొగ క్రమ్మినప్పుడు, శత్రువులు విషవాయువు ప్రయోగించిరేమో యని కొందఱు భయపడిరి. మోటారుబండ్లనుండియు, నూనె శుద్ధిచేయు కర్మాగారములనుండియు వెడలిన యావిరులు ఎండలో వండబడి యా కాటు పుట్టుచున్నదని హాగెన్-స్మిట్ అను రసాయనశాస్త్రజ్ఞుడు తరువాతి దశాబ్దపు తొలినాళ్ళలో నిరూపించెను. నాటినుండి చట్టములు వచ్చినవి. గాలి చాలవఱకు బాగుపడినది. పొగ తగ్గెను గాని పోలేదు.

లాస్ ఏంజిలిస్‌నకు ఆగ్నేయముగా, అదే తీరమున శాన్ డియేగో నగరము కలదు. అందలి లా హోయా పేటలో స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థవారి వంతెన కడలిలోనికి చొచ్చుకొని యుండును; దాని చెంతనే సుమారు 250 మీటర్ల యెత్తుగల సోలెడాడ్ కొండ నిలిచియున్నది. గాలి ఒకనాడు పడమటి మహాసముద్రమునుండి నిర్మలముగా వచ్చును. మఱియొకనాడు వాయవ్యమునుండి లాస్ ఏంజిలిస్ పొగను సముద్రముమీదుగా మోసికొని వచ్చును. కొండ తక్కువ యెత్తుది గనుక మబ్బు తనంత తానే వచ్చి కొండపై పరికరములను తాకును. విమానముల యవసరము లేకయే, ఒకే చోట, ఒకే జాతి మబ్బును, పొగతోను, పొగ లేకయు పరీక్షింప వీలగు స్థలములు లోకమున నెన్నియో లేవు. అందుచేత 2023 ఫిబ్రవరినుండి 2024 ఫిబ్రవరివఱకు ఒక సంవత్సరకాలము అమెరికా ఇంధనశాఖవారు అచ్చట పరికరములు నిలిపి, లిన్ రస్సెల్ అను శాస్త్రజ్ఞురాలి నాయకత్వమున గొప్ప పరిశీలనము జరిపించిరి. ఆ సాధనములలో నొకటి మేఘబిందువులను మాత్రమే లోనికి తీసికొని, వాని నీటిని ఆర్చి, మిగిలిన బీజమును పట్టియిచ్చును. ఏ కణము మబ్బునకు బీజమైనది, ఏది కాక మిగిలినది యను విషయము దానిచే తెలియును.

ఈ భేదము ముఖ్యమైనది. పొగలోని కణములన్నియు బీజములు కాజాలవు. అప్పుడే గొట్టమునుండి వెడలిన మసి నీటిని అంటనీయదు. అది గాలిలో తిరిగి తిరిగి, లవణముల పూత పూసికొనిన పిమ్మటనే నీటికి ప్రియమగును. గంధకముతో పుట్టిన లవణములు నీటిని చప్పున ఆకర్షించును. లాస్ ఏంజిలిస్ లోపలి ప్రాంతములందు పశువులశాలలనుండి వెడలు అమోనియా, మోటారుబండ్ల పొగతో కలిసి మఱియొక విధమగు లవణకణములను పుట్టించును. కావున ఎంత పొగ యని మాత్రమే యడిగిన చాలదు. ఏ పొగ, ఎంత వయస్సుది, ఎంత పరిమాణముగల కణములు అని యడుగవలెను.

ఇంతవఱకు విన్నవారికి పొగవలన మబ్బు తెల్లనగుట నిశ్చయమైన ధర్మమని తోపవచ్చును. మొదటి మెట్టు నిశ్చయమే. దక్షిణ అమెరికా పడమటి తీరమున 2008లో జరిగిన పరిశీలనమందు, చిలీ దేశపు తీరమునకు చేరువను మబ్బు బిందువులు మెండుగాను, కడలి లోపలికి పోయినకొలది తక్కువగాను కనబడినవి; ఆ దేశపు రాగి కరగించు కొలుముల గంధకధూమము అందులకు ముఖ్యకారణములలో నొకటి. కాని రెండవ మెట్టునందు వివాదము కలదు. చిన్న బిందువులు ఒకదానితో నొకటి తాకి కలియజాలవు గనుక తుంపర రాలదనియు, నీరు మబ్బులోనే నిలిచి మబ్బు ఎక్కువకాలము బ్రతుకుననియు 1989లో ఆల్‌బ్రెక్ట్ చెప్పెను. చిన్న బిందువులు త్వరగా ఆరిపోవుననియు, మబ్బు పైనున్న పొడిగాలిని ఎక్కువగా లోనికి లాగికొని పలుచబడవచ్చుననియు 2004లో ఆకర్‌మన్ ప్రభృతులు చూపిరి. మూతపైని గాలి తేమగా నున్నచో ఒక ఫలము, పొడిగా నున్నచో మఱియొక ఫలము. అందుచేతనే ఏండ్లకొలది కొలతలు అవసరమగుచున్నవి.

ఈ యనిశ్చయము విలువ ఎంతయో చెప్పెదము. ఐ.పి.సి.సి. యను అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము 2021లో ప్రకటించిన నివేదిక ననుసరించి, పారిశ్రామికయుగమునకు ముందునుండి 2019వఱకు పెరిగిన బొగ్గుపులుసు వాయువు ప్రతి చదరపు మీటరునకు సుమారు 2.2 వాట్టుల వేడిమిని అదనముగా కలిగించుచున్నది. మానవుడు గాలిలోనికి వదలిన కణములు మొత్తముమీద సుమారు 1.1 వాట్టును తగ్గించుచున్నవి. అందు అధికభాగము మబ్బులద్వారా కలుగునదే. కాని ఆ 1.1 అను సంఖ్య 0.4 కావచ్చును, 1.7 కావచ్చును. అనగా ఒక వాయువు కలిగించు వేడిమిలో సగమునకు సమానమైన దానిని మన పొగయే దాచియుంచుచున్నదని తెలియును గాని, ఎంత దాచినదో సరిగా తెలియదు. అప్పున్నదని తెలిసి, పత్రము మీది మొత్తము తెలియని గృహస్థుని స్థితి లోకమునకు పట్టినది.

ఇచ్చట మన దేశపు ప్రసక్తి వచ్చుచున్నది. మదరాసున జన్మించి, అదే స్క్రిప్స్ సంస్థయందు పనిచేసిన వీరభద్రన్ రామనాథన్, నోబెల్ బహుమానగ్రహీత పాల్ క్రుట్జెన్ ముందు నిలువగా, భారతీయ శాస్త్రజ్ఞులు ఏ. పి. మిత్రా నాయకత్వమున పాల్గొనగా, 1999 జనవరినుండి మార్చివఱకు హిందూమహాసముద్రముపై గొప్ప పరిశోధన జరిగినది. శీతకాలమున మన గాలి నేలనుండి కడలికి వీచును. వంటచెఱకు పొగ, బొగ్గుపొగ, మోటారుబండ్ల పొగ కలిసి బంగాళాఖాతముమీదను, అరేబియా సముద్రముమీదను దట్టమైన తెఱవలె పఱచుకొని యుండుటను వారు చూచిరి. ఆ తెఱయందు నల్లని మసి మెండు. మసి యెండను త్రిప్పి పంపదు, మింగును. మింగి చుట్టుపట్ల గాలిని వేడిచేయును. మన కడలిమీది మబ్బులు కాలిఫోర్నియా దుప్పటులు కావు. దూదిపింజలవలె విడివిడిగా తేలు చిన్న మబ్బులు. మసి వేడిమికి అట్టి మబ్బులు కరగిపోవునని ఆ పరిశోధనాఫలములపై ఆధారపడిన వ్యాసమొకటి 2000లో వెలువడినది. అచ్చట పొగ మబ్బును తెల్లపఱచగా, ఇచ్చట మబ్బునే మాపవచ్చునన్న మాట!

దీనినుండి మేము గ్రహించినది యేమనగా, పరదేశపు కొలత మన యాకాశమునకు చాలదు. కాలిఫోర్నియా కొండపై దొరకిన సత్యము సత్యమే. దాని పద్ధతి మనకు శిరోధార్యము. కాని దాని సంఖ్య మన సంఖ్య కాదు. ఇస్రోవారు 2006లో బంగాళాఖాతము, అరేబియా సముద్రములపై ఓడతోను, విమానముతోను కణములను కొలిపించిరి. అట్టి యాత్రలు కొన్ని వారములకు ముగియును. కొండయు, రేవును, మబ్బును ఒక్క చోటనే కూడిన విశాఖపట్టణము వంటి స్థలములు మనకును ఉన్నవి. ఏడాది పొడవున, ఋతువు ఋతువునకు కొలుచు కేంద్రములు తూర్పుతీరమున నుండవలెను.

ఏమి కొలువవలెనో గూడ విన్నవించెదము. 2019 జనవరిలో కేంద్రప్రభుత్వము జాతీయ శుద్ధవాయు కార్యక్రమమును ప్రారంభించినది. విశాఖపట్టణము, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు, హైదరాబాదు నగరములు అందు చేరినవి. అందలి ప్రగతిని ముఖ్యముగా పది మైక్రాన్లలోపు ధూళియొక్క బరువునుబట్టి కొలుచుట జరిగినది. ఒక్క పది మైక్రాన్ల కణము బరువు, మైక్రానులో పదవ వంతు వెడల్పుగల కణములు పదిలక్షల బరువుతో సమానము. వీధులు తుడిచి, నీళ్ళు చల్లి పెద్ద ధూళిని అణచినచో బరువు తగ్గి పట్టికలో పేరు వచ్చును; మబ్బునకు బీజమై, మన ఊపిరితిత్తుల లోలోపలికి పోవు సూక్ష్మకణముల సంఖ్య మాత్రము తగ్గకపోవచ్చును. బరువుతోపాటు సంఖ్యను, రసాయనస్వభావమును కొలువనిచో మన లెక్క సగము లెక్కయే.

తుదకు ధర్మసందేహము. పొగ భూమిని చల్లపఱచుచున్నది గదా, దానిని తొలగించిన వేడిమి పెరుగును గదా, తొలగింపనేల యని కొందఱందురు. 2020లో ప్రపంచపు ఓడల యింధనమందు గంధకము నూటికి 3.5 పాళ్ళనుండి 0.5 పాలునకు తగ్గింపబడగా, సముద్రముపై ఓడల జాడలగు తెల్లని చారలు తగ్గినమాట నిజము. కాని ఈ వాదము నిలువదు. పొగకణము గాలిలో వారము పది దినములకంటె నిలువదు. బొగ్గుపులుసు వాయువు శతాబ్దముల కొలది నిలుచును. నిలుచు దోషమును నిలువని పొగతో కప్పుటయన, ప్రతిదినము క్రొత్త అప్పు తెచ్చి పాత అప్పుపై వడ్డీ కట్టుటవంటిది. ఆ వడ్డీని చెల్లించునది ఎవరు? రేవుల చెంతను, కొలుముల చెంతను వసించు బీదసాదల బిడ్డలు తమ ఊపిరితో చెల్లించుచున్నారు. జనుల రొమ్ములను నీడకు గొడుగుగా వాడుకొను రాజ్యనీతి మనకు వలదు. పొగను తగ్గింపవలెను, దానితోపాటు, దానికంటె వేగముగా బొగ్గుపులుసు వాయువును తగ్గింపవలెను. రెండవది మాని మొదటిదానినే చేసినవారు దాగిన వేడిమిని బయటికి రప్పించినవా రగుదురు. రెంటిని మానినవారు ప్రజాద్రోహు లగుదురు.

మఱికొందఱు పొగ బదులు ఉప్పునీటి తుంపరను చిమ్మి మబ్బులను తెల్లపఱుతమని తలపెట్టిరి. 2024 ఏప్రిల్ మాసమున శాన్ ఫ్రాన్సిస్కో చెంతనున్న అలమీడా పట్టణమందు, ప్రదర్శనశాలగా మార్చబడిన హోర్నెట్ అను పాత యుద్ధనౌకపైని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు అట్టి తుంపరను చిమ్ము పరీక్షను ప్రారంభించిరి. అది మబ్బును మార్చునంతటిది కాదు, యంత్రమును పరీక్షించుట మాత్రమే. అయినను పట్టణమువారు దానిని నిలిపించిరి. జూన్ నెలలో పురపాలకసభ అనుమతి నిరాకరించెను. పరీక్ష మంచిదా చెడ్డదా యను విషయము నటుంచుడు. తమ మీది యాకాశమున జరుగు దానిని గుఱించి తమ్ము నడుగవలెనని ఒక చిన్న పట్టణపు ప్రజలు కోరిరి. ఆ కోరిక న్యాయమైనది. రేపు మహాసముద్రములపై మబ్బులను మార్చుటకు బలవంతమైన రాజ్యములు పూనుకొన్నయెడల, దాని ఫలము ఇతర దేశముల వానలపై నెట్లుండునో యడుగు హక్కు మనకును ఉండవలెను. స్వంత కొలతలు లేని జాతి సభలో నిలిచి ప్రశ్నింపజాలదు. ఒరులు చెప్పిన లెక్కకు తల యూపవలసినదే. నేలపై స్వరాజ్యమును సాధించిన మనము ఆకాశపు లెక్కలో పరాధీనులమై యుండుట తగదు.

కావున సోదరులారా, మా మనవి యింతే. మన నగరములు తమ పొగను బరువుచే మాత్రమే గాక సంఖ్యచేతను, గుణముచేతను లెక్కించి, ఆ లెక్కలను ప్రజల యెదుట నుంచునట్లు మీ పురపాలకసభలను అడుగుడు. మన విశ్వవిద్యాలయములు తూర్పుతీరపు మబ్బులను ఏడాదియంతయు కొలుచునట్లు ప్రభుత్వమును కోరుడు. ప్రకృతిశాస్త్రము చదువుచున్న బాలబాలికలకు ఈ రంగమున చేయవలసిన పని యింకను మిగిలియున్నదని తెలుపుడు. ప్రొద్దుట కడలిపై కనబడు ఆ తెల్లని మబ్బునందు మన పొయ్యి, మన బండి, మన రేవు ఇప్పటికే పాలు పంచుకొనుచున్నవి. ఆ పాలు ఎంతయో తెలిసికొని, దానిని తగ్గించుకొనుట మన విధి.